స్కాట్లండ్‌లో మన వాగు గురించి ప్రభుత్వాన్ని పార్లమెంటులో ప్రశ్న అడిగించడం ఎలా?

మీరు అడిగింది ఇదీ: గ్లాస్గోలో మీ ఇంటి వెనక పారే వాగులోకి వాన పడ్డప్పుడల్లా మురుగునీరు వస్తోంది, పైపు మూతి దగ్గర తుడుపు కాగితాలు వేలాడుతున్నాయి. ఫోన్ చేస్తే ‘నమోదు చేసుకున్నాం’ అంటున్నారు తప్ప మార్పు లేదు. మన అసెంబ్లీలో ఎమ్మెల్యేలు ప్రశ్న వేసినట్టు ఇక్కడి ప్రజాప్రతినిధి చేత స్కాటిష్ ప్రభుత్వాన్ని అడిగించవచ్చా, వీసా మీద ఉన్నవాళ్లు అడగొచ్చా, అడిగితే లాభముందా?

అడిగించవచ్చు. పౌరసత్వం అక్కర్లేదు, ఓటు ఉండాలన్న నియమం కూడా లేదు, ఆ ప్రాంతంలో నివాసం ఉంటే చాలు. (ఓటు సంగతికొస్తే, కామన్వెల్త్ దేశం వాళ్లుగా చెల్లే వీసా ఉన్న భారతీయులకు ఇక్కడ ఓటు హక్కు ఉంది. 2020లో వచ్చిన చట్టంతో స్కాటిష్ పార్లమెంటు ఎన్నికల్లో మిగతా దేశాల వాళ్లకూ ఇచ్చారు. జాబితాలో పేరు లేకపోతే వెంటనే చేర్చుకోండి.) లాభం ఉంటుందా అన్నది మాత్రం ప్రశ్నలోని మాటల మీదే ఆధారపడుతుంది. ‘ప్రభుత్వం ఏం చర్యలు తీసుకుంటోంది’ అని అడిగితే ఉపన్యాసం వస్తుంది. ఫలానా పైపు, ఫలానా తేదీ, ఫలానా లెక్క అని అడిగితే తప్పించుకోలేని జవాబు వస్తుంది. ఈ రెండో రకం ప్రశ్న తయారు కావాలంటే అంతకుముందు మీరు చేయాల్సిన పని కొంత ఉంది. ఈ సమాధానంలో ఎక్కువ భాగం దాని గురించే.

ముందు ఎవరి బాధ్యత ఏదో చూద్దాం, ఎక్కువమంది తడబడేది ఇక్కడే. 1998 నాటి స్కాట్లండ్ చట్టంలోని 5వ షెడ్యూల్‌లో లండన్ తన దగ్గర ఉంచుకున్న అంశాల జాబితా ఉంది: వలసలు, రక్షణ, విదేశాంగం వగైరా. ఆ జాబితాలో లేనిదంతా ఎడిన్‌బరోదే, అంటే అక్కడున్న స్కాటిష్ పార్లమెంటు, ప్రభుత్వాలదే. నీరు, పర్యావరణం, ఆరోగ్యం, విద్య, స్థానిక పాలన అన్నీ ఎడిన్‌బరో కిందికే వస్తాయి. కాబట్టి వాగు గురించి వెస్ట్‌మినిస్టర్ (లండన్ పార్లమెంటు) ఎంపీకి రాస్తే కాలయాపనే. అలాగే టీవీలో వచ్చే థేమ్స్ వాటర్ కంపెనీ, ఆఫ్‌వాట్, ఎన్విరాన్‌మెంట్ ఏజెన్సీ అనే నియంత్రణ సంస్థల గొడవలన్నీ ఇంగ్లండ్‌వి. వాటి అంకెలు మీ ఉత్తరంలో పెడితే, చదివే ఆఫీసు సిబ్బందికి ఈయనకు విషయం తెలియదనిపిస్తుంది.

స్కాట్లండ్‌లో నీళ్లు, మురుగు రెండూ చూసేది స్కాటిష్ వాటర్. 2002లో మూడు ప్రాంతీయ సంస్థలను కలిపి ఏర్పాటు చేసిన ప్రభుత్వ రంగ సంస్థ ఇది. మీ నీటి చార్జీలు కౌన్సిల్ ట్యాక్స్ బిల్లుతోనే వస్తున్నా డబ్బు చేరేది దీనికే. పైపులోంచి నదిలోకి ఏం వదలవచ్చో లైసెన్సు ఇచ్చి, తనిఖీ చేసి, ఉల్లంఘిస్తే చర్య తీసుకునేది సీపా, అంటే స్కాట్లండ్ పర్యావరణ రక్షణ సంస్థ. చార్జీల పరిమితి తేల్చేది మరో కమిషన్. ఈ సంస్థలన్నిటికీ పైన లక్ష్యాలు నిర్ణయించేది మంత్రులు. పార్లమెంటులో ప్రశ్న వెళ్లేది మంత్రులకు మాత్రమే. ఈ తేడా గుర్తుంచుకోండి, ప్రశ్న రాసేటప్పుడు మళ్లీ దీని దగ్గరికే రావాలి.

ఇక ఆ పైపు సంగతి. పాత ఊళ్లలో వాననీరు, ఇళ్ల మురుగు ఒకే గొట్టంలో పోతాయి. భారీ వానకు గొట్టం నిండిపోతే మురుగు ఇళ్లలోకి ఎగదన్నకుండా నదిలోకి వదిలే మార్గం పెట్టారు. దాన్నే కంబైన్డ్ సీవర్ ఓవర్‌ఫ్లో అంటారు. స్కాట్లండ్‌లో ఇవి వేలల్లో ఉన్నాయి. జోరువానలో అది పొంగడానికి లైసెన్సులోనే అనుమతి ఉంటుంది. వాన లేని రోజు పొంగితే అది వేరే విషయం: గొట్టంలో అడ్డు పడి ఉండాలి, పంపు చెడి ఉండాలి, లేదా గొట్టం సామర్థ్యమే సరిపోవడం లేదు. అందుకే ‘మురుగు వస్తోంది’ అన్న ఫిర్యాదుకు బరువు తక్కువ. ‘ఈ తేదీన, అంతకుముందు 24 గంటల్లో చినుకు లేదు, అయినా వచ్చింది’ అన్న ఫిర్యాదుకు బరువు చాలా ఎక్కువ.

కాబట్టి కనీసం ఆరు వారాలు ఒక పట్టిక రాయండి. తేదీ, సమయం, పైపు మూతి ఉన్న చోటు, రంగు, వాసన, తేలే చెత్త, ఒక ఫొటో. ఫొటోలో సమయం నమోదయ్యేలా ఫోన్ సెట్ చేసుకోండి. పక్క గడిలో ఆ రోజు వర్షపాతం వేయండి. సీపా తన వర్షమాపక కేంద్రాల రీడింగులను ఆన్‌లైన్‌లో ఉచితంగా పెడుతుంది, మీకు దగ్గరి కేంద్రాన్ని ఎంచుకుంటే సరి. చూసిన ప్రతిసారీ స్కాటిష్ వాటర్‌కూ సీపాకూ ఇద్దరికీ చెప్పి రిఫరెన్స్ నంబరు తీసుకోండి. ఒక్కరికే చెబితే రెండో వాళ్లు ‘మా దగ్గర ఫిర్యాదే లేదు’ అంటారు. ఆ మాట తర్వాత మంత్రి జవాబులోకీ ఎక్కుతుంది. వాగులోకి మాత్రం దిగకండి, నీటి నమూనాలు తీయాలని చూడకండి. ఇంట్లో సీసాలో పట్టిన నమూనాకు ఎవరూ విలువ ఇవ్వరు, జబ్బు మాత్రం రావచ్చు.

పట్టిక నడుస్తుండగానే సమాచారం అడగండి. ఇక్కడ రెండు చట్టాలున్నాయి. మన సమాచార హక్కు చట్టం లాంటిది 2002 నాటి సమాచార స్వేచ్ఛ చట్టం. దాని కింద, పని ఖర్చు 600 పౌండ్లు దాటుతుందనుకుంటే తిరస్కరించవచ్చు. పర్యావరణ సమాచారానికి మాత్రం 2004 నాటి నిబంధనలు వేరుగా ఉన్నాయి. వీటిలో ఆ 600 పౌండ్ల అడ్డు లేదు. నోటిమాటగా అడిగినా చెల్లుతుంది, కానీ ఈమెయిలే పెట్టండి, రుజువు ఉంటుంది. అన్నిటికన్నా ముఖ్యం, పర్యావరణంలోకి వదిలిన వాటి గురించిన సమాచారమైతే, వ్యాపార రహస్యం వంటి కొన్ని సాకులు చెప్పడానికి వీల్లేదు. గడువు 20 పనిదినాలు. మరీ పెద్దది, చిక్కైనది అయితే 40 వరకు పొడిగించవచ్చు. జవాబు నచ్చకపోతే 40 పనిదినాల్లోపు పునఃసమీక్ష కోరాలి. దానికీ తృప్తి లేకపోతే ఆరు నెలల్లోపు సెయింట్ ఆండ్రూస్‌లోని సమాచార కమిషనర్‌కు అప్పీలు.

ఏం అడగాలి? సీపాను ఆ పైపు లైసెన్సు నంబరు, షరతుల ప్రతి, గత అయిదేళ్ల తనిఖీ నివేదికలు అడగండి. స్కాటిష్ వాటర్‌ను మానిటర్ (పొంగు ఎప్పుడు, ఎంతసేపు అని నమోదు చేసే పరికరం) ఉందా, ఉంటే ఎప్పుడు అమర్చారు, ప్రతి పొంగు ఎప్పుడు మొదలై ఎప్పుడు ఆగింది అని అడగండి. స్ప్రెడ్‌షీట్‌గా ఇమ్మని రాయండి, లేకపోతే స్కాన్ చేసిన కాగితాలు వస్తాయి. ‘నా వాగుకు సంబంధించిన సమస్త సమాచారం’ అని మాత్రం అడగవద్దు. ఆ మాట వాళ్లకు గడువు పొడిగించే అవకాశాన్ని చేతికిస్తుంది.

మీ పైపుకు మానిటర్ లేకపోయే అవకాశం బాగానే ఉంది. ఇంగ్లండ్‌లో 2023 చివరికి ఓవర్‌ఫ్లోలన్నిటికీ మానిటర్లు పెట్టారు. స్కాట్లండ్ ఆ దారి పట్టలేదు. 2021 డిసెంబరులో స్కాటిష్ వాటర్ ప్రకటించిన ప్రణాళికలో 50 కోట్ల పౌండ్ల వరకు పెట్టుబడి, ముఖ్యమైన చోట్ల మరో వెయ్యి మానిటర్లు ఉన్నాయి. 2024 డిసెంబరులో ఏ ఓవర్‌ఫ్లో పొంగుతోందో ఎప్పటికప్పుడు చూసుకునే ఆన్‌లైన్ మ్యాపు మొదలైంది. ముందు ఆ మ్యాపులో మీ పైపు ఉందో లేదో చూడండి. మ్యాపులో లేదంటే పొంగడం లేదని కాదు, కొలవడం లేదని. నా దృష్టిలో మొత్తం వ్యవహారంలో అన్యాయమైన భాగం ఇదే: కొలవని చోట ఉన్నవాళ్ల మీదే రుజువు చూపే భారం పడుతోంది. పార్లమెంటు ప్రశ్న నిజంగా పనికొచ్చేది ఇలాంటి చోటే.

ఇప్పుడు సభ్యుల దగ్గరికి వద్దాం. స్కాటిష్ పార్లమెంటులో 129 మంది ఎంఎస్‌పీలు (సభ్యులను ఇక్కడ అలా పిలుస్తారు): నియోజకవర్గాల నుంచి 73, ఎనిమిది ప్రాంతాల నుంచి ఏడేసి చొప్పున 56. అంటే మీకు ప్రతినిధులు ఎనిమిది మంది. పోస్ట్‌కోడ్ కొడితే పార్లమెంటు వెబ్‌సైట్ వాళ్ల పేర్లు చూపిస్తుంది. ఎనిమిది మందికీ ఒకే ఉత్తరం పంపొద్దు. ఎవరో ఒకరు చూస్తారులే అని ఒక్కొక్కరూ పక్కన పెడతారు. ఒకరిని ఎంచుకోండి. ఎంచుకునేటప్పుడు రెండు సంగతులు చూడాలి. మొదటిది, మంత్రులుగా ఉన్న ఎంఎస్‌పీలు తమ ప్రభుత్వాన్నే ప్రశ్న వేయరు. మీ నియోజకవర్గ సభ్యురాలు మంత్రి అయితే లోపల ఉత్తరం రాయగలరు, అంతే. సభలో ప్రశ్నకు ప్రాంతీయ సభ్యుల్లో ఒకరిని పట్టుకోండి. సభాధ్యక్షుడికీ ఇదే వర్తిస్తుంది. రెండోది, పర్యావరణం చూసే కమిటీలో సభ్యులెవరో వెతకండి. ఆ కమిటీ సభ్యులకు విషయం మొదటి నుంచీ చెప్పనక్కర్లేదు. ప్రతిపక్షం వాళ్లనే ఎంచుకోవాలని కొందరంటారు. నా అభిప్రాయం వేరు: అధికార పార్టీ సాధారణ సభ్యులు కూడా తమ ప్రాంతం విషయాల్లో బాగానే అడుగుతారు.

ఉత్తరం ఒక పేజీ దాటకూడదు. పూర్తి చిరునామా, పోస్ట్‌కోడ్ తప్పనిసరి. అది లేకపోతే మీరు వాళ్ల ప్రాంతంవారో కాదో తెలియక పక్కన పెడతారు. మూడు నాలుగు వాక్యాల్లో సమస్య, రిఫరెన్స్ నంబర్లు, పట్టిక, సమాచార చట్టం కింద వచ్చిన జవాబు జతచేయండి. చివర మీరు వేయించాలనుకున్న ప్రశ్న మాటలు మీరే రాసివ్వండి. సిబ్బంది తక్కువ ఉండే ఆఫీసులకు ఇది పెద్ద సాయం.

ప్రశ్నల్లో మీకు పనికొచ్చేది రాతపూర్వక ప్రశ్న. మన దగ్గర నక్షత్ర గుర్తు లేని ప్రశ్నతో పోల్చవచ్చు. సభ సెలవుల్లో ఉన్నా దీన్ని వేయవచ్చు. మామూలు రోజుల్లో పది పనిదినాల్లో జవాబు ఇవ్వాలి, సెలవుల్లో ఇరవై. జవాబు బహిరంగంగా అచ్చవుతుంది, ఒక నంబరుతో శాశ్వతంగా ఉంటుంది. 2021లో ఎన్నికైన సభ నంబర్లు ఎస్6డబ్ల్యూ అని మొదలయ్యేవి, సభ మారితే ఆ అంకె మారుతుంది. ఒక్కోసారి ‘వీలైనంత త్వరలో జవాబిస్తాం’ అన్న తాత్కాలిక జవాబు వస్తుంది. కంగారు పడకండి, కానీ తేదీ రాసుకుని వెంటపడండి.

ప్రశ్నను సభ గుమస్తాలు పరిశీలిస్తారు. క్లుప్తంగా ఉండాలి, ప్రభుత్వ బాధ్యతలోని విషయమే కావాలి, అభిప్రాయం చొప్పించకూడదు, కోర్టులో నడుస్తున్న కేసు జోలికి పోకూడదు. ‘స్కాటిష్ వాటర్ సిగ్గుమాలిన నిర్లక్ష్యాన్ని…’ అని మొదలైతే అక్కడే ఆగిపోతుంది. ప్రశ్న ఇంగ్లీషులోనే వెళ్తుంది కానీ తేడా తెలియడానికి ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

పనికిరాని ప్రశ్న: ‘గ్లాస్గో నదుల్లో మురుగు కలవకుండా ప్రభుత్వం ఏం చర్యలు తీసుకుంటోంది?’ జవాబు ముందే చెప్పగలను. పైన చెప్పిన 50 కోట్ల పౌండ్ల ప్రణాళికను మళ్లీ చదువుతారు.

పనికొచ్చేవి మూడు, విడివిడిగా వేయాలి. ఒకటి: ‘ఫలానా లైసెన్సు నంబరు ఓవర్‌ఫ్లోకు మానిటర్ ఏ తేదీన అమర్చారు, లేకపోతే ఏ తేదీకి అమరుస్తారు?’ రెండు: ‘ఆ లైసెన్సుపై గత అయిదేళ్లలో సీపా ఏయే తేదీల్లో తనిఖీ చేసింది, వాన లేని రోజుల్లో పొంగినట్టు ఎన్నిసార్లు నమోదు చేసింది, ఒక్కోదానిపై ఏ చర్య తీసుకుంది?’ మూడు: ‘2027 నుంచి మొదలయ్యే పెట్టుబడి కాలానికి మంత్రులు స్కాటిష్ వాటర్‌కు ఇచ్చిన లక్ష్యాల్లో, మానిటర్ లేని ఓవర్‌ఫ్లోల గురించి ఏముంది?’

మూడోది ఎందుకంటే, మొదటి రెండింటికీ బహుశా ఒక మూస జవాబు వస్తుంది: ‘ఈ విషయం బాధ్యత స్కాటిష్ వాటర్‌ది (లేదా సీపాది). వారిని జవాబివ్వమని కోరాను. వారి జవాబు ఇదీ.’ కింద సంస్థ మాటలుంటాయి. అది తప్పించుకోవడం కాదు, సమాచారం బయటికి వస్తుంది కాబట్టి మనకు ఉపయోగమే. కానీ మంత్రి తన నోటితో ఏమీ ఒప్పుకోలేదు. స్కాటిష్ వాటర్ ప్రస్తుత పెట్టుబడి కాలం 2021–27, తర్వాతిది 2027–33. ఆ కాలానికి లక్ష్యాలు పెట్టేది మంత్రులే. లక్ష్యాల గురించి అడిగితే ‘వాళ్లను అడగండి’ అనడానికి వీలుండదు. మీ పైపు ఆ ఆరేళ్ల జాబితాలో లేకపోతే 2033 దాకా ఎదురు చూడాల్సి రావచ్చు. అందుకే ఈ మూడో ప్రశ్నను వదిలిపెట్టవద్దు.

జవాబు సగమే వస్తే అదే దారిలో ముందుకు పోవాలి. ‘ఫలానా తేదీన ఫలానా నంబరు ప్రశ్నకు ఇచ్చిన జవాబుకు కొనసాగింపుగా…’ అని మొదలుపెట్టి, వదిలేసిన భాగం ఒక్కటే అడగాలి. రెండోసారి అడిగినప్పుడు జవాబు రాసే అధికారికి ఎవరో శ్రద్ధగా చదువుతున్నారని అర్థమవుతుంది. చాలామంది మొదటి జవాబు చూసి నిరుత్సాహపడి ఆపేస్తారు. పని మొదలయ్యేది రెండో ప్రశ్నతోనే.

మౌఖిక ప్రశ్నల గురించి కొంచెం. గురువారం మధ్యాహ్నం 12 గంటలకు ఫస్ట్ మినిస్టర్ (స్కాటిష్ ప్రభుత్వాధినేత) ప్రశ్నల సమయం టీవీలో కనిపిస్తుంది కాబట్టి అందరి కళ్లూ దాని మీదే. ఒక వీధి పైపుకు అది తగిన వేదిక కాదు. శాఖల వారీ ప్రశ్నల సమయం కొంత మేలు. అక్కడ సభ్యుల పేర్లు లాటరీలో తీస్తారు, కాబట్టి మీ సభ్యుడికి ఆ వారం అవకాశం వస్తుందన్న హామీ లేదు. వస్తే అసలు బలం అనుబంధ ప్రశ్నలో ఉంటుంది. మొదటి ప్రశ్న మంత్రికి ముందే తెలుసు, జవాబు రాసుకొస్తారు. అనుబంధం తెలియదు. అందుకని ముందు రాతపూర్వక జవాబు తెప్పించుకుని, అందులోని అంకెను పట్టుకుని ‘మానిటర్ పెట్టే తేదీ లేదని మీరే చెప్పారు, ఇప్పుడైనా తేదీ చెబుతారా’ అని అడిగించాలి. ఈ వరుస తిరగబడితే ఫలితం ఉండదు.

ఇదే పద్ధతి ఆసుపత్రి నిరీక్షణకూ పనిచేస్తుంది. స్కాట్లండ్‌లో 14 ప్రాంతీయ ఆరోగ్య బోర్డులున్నాయి. ఎన్నెన్ని వారాలు ఎంతమంది ఆగుతున్నారో పబ్లిక్ హెల్త్ స్కాట్లండ్ క్రమంగా ప్రచురిస్తుంది. ఆ లెక్కనే అడిగితే జవాబుగా లింకు వస్తుంది, ఒక ప్రశ్న వృథా. 2011 నాటి రోగుల హక్కుల చట్టంలోని 12 వారాల చికిత్స హామీ మీ బోర్డులో, ఆ విభాగంలో తప్పినప్పుడు రోగికి ఏం చెప్పాలని మంత్రులు ఆదేశించారో అడగండి. చెత్త బండి, వీధి దీపం, బడి సీటు మాత్రం 32 కౌన్సిళ్ల పని. వాటికి కౌన్సిలర్ దగ్గరికే వెళ్లాలి. పార్లమెంటులో అడిగితే ‘ఆ సమాచారం కేంద్రీకృతంగా మా దగ్గర లేదు’ అన్న ఒక్క వాక్యంతో ముగుస్తుంది.

కార్డిఫ్‌లోనో బెల్‌ఫాస్ట్‌లోనో ఉండి ఇది చదివేవాళ్లకు ఒక హెచ్చరిక: మీ దగ్గర పద్ధతి పోలినట్టే ఉంటుంది కానీ బాధ్యులు వేరు. వేల్స్‌లో ఎక్కువ భాగానికి నీరిచ్చే డ్వర్ కమ్రి వాటాదారులు లేని కంపెనీ, మంత్రుల కింద లేదు. ఉత్తర ఐర్లండ్‌లో ఎన్ఐ వాటర్ ప్రభుత్వానిదే. పై ప్రశ్నలను యథాతథంగా వాడొద్దు.

ప్రశ్నతో సమాంతరంగా ఫిర్యాదు దారిని నడపండి, ఒకటి మరొకదానికి అడ్డు కాదు. స్కాటిష్ వాటర్‌కు మొదటి దశలో 5 పనిదినాలు, రెండో దశలో 20. ఆ తర్వాత ప్రజాసేవల అంబుడ్స్‌మన్, అంటే ప్రభుత్వ సంస్థల మీద ఫిర్యాదులు విచారించే స్వతంత్ర అధికారి. విషయం మీకు తెలిసిన 12 నెలల్లోపు అక్కడికి చేరాలి, లేదంటే గడువు మీరిందంటారు. సీపానే తన పని సరిగ్గా చేయడం లేదని, అదీ మీ ఒక్క పైపు విషయంలో కాక చాలా చోట్ల అని మీ ఆధారాలు చూపిస్తే, 2021 అక్టోబరు నుంచి పర్యావరణ చట్టాల అమలును చూస్తున్న ఎన్విరాన్‌మెంటల్ స్టాండర్డ్స్ స్కాట్లండ్ అనే సంస్థకు రాయవచ్చు. ఒక్క లైసెన్సు మీద తీసుకున్న నిర్ణయాన్ని వాళ్లు ముట్టుకోరు, వ్యవస్థలో లోపమైతేనే చూస్తారు.

పార్లమెంటు పిటిషన్ కూడా ఉంది. దానికి వేల సంతకాలు అక్కర్లేదు, మీ ఒక్కరి సంతకం చాలు. పిటిషన్ల కమిటీ మంత్రులకూ సంస్థలకూ రాసి జవాబులు తెప్పిస్తుంది, అవన్నీ బయట పెడుతుంది. కానీ ‘మా వీధి పైపు బాగుచేయండి’ అన్నది పిటిషన్‌గా చెల్లదు, దేశమంతటికీ వర్తించే విధానం కోరాలి: ‘స్కాట్లండ్‌లోని ప్రతి ఓవర్‌ఫ్లోకు మానిటర్ తప్పనిసరి చేయాలి’ లాంటిది. అంతకుముందు ఏం ప్రయత్నాలు చేశారని ఫారంలో అడుగుతారు. మీ ఎంఎస్‌పీ వేసిన ప్రశ్నల నంబర్లు, వచ్చిన జవాబులు ఆ గడిలోనే రాయాలి. అందుకే పిటిషన్‌ను చివరికి ఉంచుకోమంటున్నాను.

వాగు పేరు, పైపు ఏ వంతెనకు ఎగువనో దిగువనో, మ్యాపులో కనిపిస్తోందో లేదో ఇక్కడ రాయండి. మొదటి రెండు ప్రశ్నలను ఇంగ్లీషులో గుమస్తాలు అభ్యంతరం చెప్పని విధంగా కూర్చి పెడతాను.